సగం ఎత్తు కార్డు

గురువారం పొద్దున హాల్లో షోకేసు తుడుస్తుంటే, మా ఆయన రాజశేఖర్ పేపరులోంచి తల ఎత్తకుండానే అన్నాడు: "ఐతారం విజయ వస్తది. కంప్యూటర్ తీస్కపొమ్మని చెప్పిన. ఊకె గట్ల పెట్టుకొని ఏం చేస్తం, దుమ్ము పడుడు తప్ప."

విజయ ఆయన చెల్లెలు. అత్తాపూర్‌లో ఉంటుంది. నేను గుడ్డ విదిలించి, తుడిచిన చోటే మళ్లీ తుడిచాను.

ఆ కంప్యూటర్ మా అమ్మాయి ప్రియదర్శినిది. పదో తరగతి పాసయినప్పుడు కొన్నది. సన్నటి నల్ల డబ్బా. టీవీ కింద షోకేసు అరలో సరిగ్గా పడుతుందని, వచ్చినవాళ్లకు కనబడుతుందని రాజశేఖర్ అదే ఏరాడు. ప్రియ పోయి ఐదు నెలలయింది. పద్దెనిమిదేళ్లు, సివిల్ డిప్లొమా ఆఖరు సంవత్సరం. పోయిన వానాకాలం, 2012లో, జ్వరం వచ్చింది. ఆరు రోజులు. దాని గురించి అంతకంటే రాయలేను.

"పెండ్లిగాని పిల్ల సామాన్లు ఇంట్ల ఉంచొద్దంటరు," వంటింటి గడపలో చింతపండు గింజలు తీస్తూ మా అత్త రుక్కమ్మ అంది. "పానం ఈడీడనే తిరుగుతది." బట్టలు మూడో నెలలోనే పోయాయి. నేను బడి నుంచి వచ్చేసరికి ఆ అరలో దుప్పట్లు మడిచి పెట్టి ఉన్నాయి. ఎవరికిచ్చారని అడగలేదు. అడిగితే ఆ ఇంటి ముందునుంచి వెళ్లేటప్పుడల్లా దండెం మీద వెతుక్కుంటానని భయం.

ఇంక మిగిలింది కంప్యూటర్. అందులో ఒక ఫైలు ఉంది. జ్వరం రావడానికి మూడు రోజుల ముందు కాలేజీ ల్యాబులో గీసి, తెచ్చి దాచిపెట్టిన బొమ్మ, ప్రాజెక్టు. నొక్కితే కిటికీలాగా తెరుచుకుని, బూడిద రంగుకు తిరిగి, గ్రాఫిక్స్ సరిపోవని ఒక వాక్యం చూపించి మూసుకుపోతుంది. ఐదు నెలల్లో ఎన్నిసార్లు నొక్కానో లెక్క లేదు. ప్రియ ఎప్పుడూ ఇళ్లే గీసేది. ఇది కూడా ఏదో ఇల్లే అయి ఉంటుందనుకున్నాను. ఎవరి కోసం కట్టిందో, ఎన్ని గదులు పెట్టిందో చూడాలని ఉండేది. గురువారం నుంచి ఆదివారానికి మధ్య మూడు రోజులు కూడా లేవు.

అలాంటి బొమ్మలు నడవడానికి కంప్యూటర్లో పెట్టే గ్రాఫిక్స్ కార్డు కావాలని ప్రియ ముందు నన్నే అడిగింది. నేను చపాతీలు కాలుస్తున్నాను. "అమ్మా, చిన్న కార్డు చాలు. పెద్దది అవసరం లేదు. అది ఉంటే ఇంట్లనే గీసుకుంట. ల్యాబుల ఆరు దాక కూసునే పని ఉండదు." నేను చపాతీ తిప్పి, "బాపును అడుగు," అన్నాను. పదహారేళ్లుగా ప్రభుత్వ బడిలో పాఠం చెప్పి జీతం తెచ్చుకుంటున్నదాన్ని. ఆ ఏటీఎం కార్డు ఆయన చొక్కా జేబులో ఉంటుంది. విమానాశ్రయానికి పొలం పోయాక ఆయన ప్లాట్ల బేరాల్లో పడ్డాడు. ఆ పనికి ఎప్పుడు చేతిలో ఎంత ఉండాలో తెలియదు కాబట్టి కార్డు తన దగ్గరే ఉండాలన్నాడు. నేను సరేనన్నాను. దాని పిన్ నంబరు కూడా నాకు తెలియదు.

బాపును అడిగింది. "గేములాడనీకె కార్డా?" అని నవ్వాడు. గేములకు కాదు బాపూ, ఇండ్లు గీయనీకె అంది. "ఆడపిల్లవు, ఇల్లు కట్టుడెందుకు నీకు? ఉన్న ఇల్లు ఊడ్సుడు నేర్చుకో ముందుగాల," అన్నాడు. మా అత్త కూడా నవ్వింది. అది కోపంతో అన్న మాట కాదు. మా ఇంట్లో అలాంటి మాటలన్నీ నవ్వుతూనే వచ్చేవి. అందుకే వాటికి జవాబు చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. తర్వాత ఒక రోజు ప్రియ ఏడింటికి ఇల్లు చేరితే, "గింతసేపు కాలేజీల ఏం పని?" అని గుమ్మంలోనే నిలబెట్టాడు. "ల్యాబుల పని బాపూ. ఇంట్ల నడవది గదా." "ఎదురు మాట్లాడుడు మంచిగ నేర్సినవ్." నేను అన్నం వడ్డిస్తున్నాను. వడ్డిస్తూనే ఉన్నాను.

శుక్రవారం బడి మధ్యలో ఒంటిపూట సెలవు పెట్టాను. బ్యాంకులో కాగితం మీద సంతకం చేసి నా జీతంలోంచి డబ్బు తీసుకున్నాను. అలా తీసుకోవచ్చని తెలియక కాదు ఇన్నాళ్లూ తీసుకోనిది.

ప్రియ సర్వే నోటుబుక్కు చివరి పేజీలో పెన్సిలుతో రాసిన జాబితా ఉంది. మూడు కార్డుల పేర్లు. మొదటి రెంటికి ఎదురుగా పన్నెండు, పన్నెండు. మూడోదానికి ఎదురుగా ఎనిమిది. పన్నెండు ఉన్న రెండూ కొట్టేసి, ఎనిమిది చుట్టూ సున్న చుట్టింది. నేను టీచర్ని. పేరుకు ఎదురుగా అంకె కనబడితే అది నాకు మార్కే. మంచి మార్కులు వచ్చినవాటిని కొట్టేసి, తక్కువ వచ్చినదానితో సరిపెట్టుకుందన్నమాట. చిన్నది చాలు అని వంటింట్లో అన్న మాట కూడా అలాంటిదే. మా ఇంట్లో ఏది అడగొచ్చో దానికి బాగా తెలుసు. ఆ సున్న కనబడినప్పుడల్లా నోటుబుక్కు మూసేసేదాన్ని.

బస్టాండు దగ్గర మేడ మీద దశరథం కంప్యూటర్ షాపు. నన్ను చూసి, నా వెనక ఎవరైనా వస్తారేమోనని కాసేపు మెట్లవైపు చూశాడు.

"సార్ రాలేదా మేడం?"

"రాలే."

"గేములకా?"

"ఇండ్లు గీయనీకె."

"ఎవరు గీస్తరు?"

"మా పాప," అన్నాను. అంతకంటే సరిగ్గా చెప్పాలంటే వాక్యం మార్చాలి. మార్చలేదు.

"గట్లయితే ఈ చిన్నది సాలు మేడం. సవుక, పని నడుస్తది. ఊకె పెద్దదానికి పోకుండ్రి," అన్నాడు. నేను జాబితాలో అన్నిటికంటే పైన కొట్టేసి ఉన్న పేరు చూపించాను. "అది ఇయ్యి." అతను డబ్బా దించుతూ, "మీ సీపీయూ పెద్దదా, సన్నదా?" అని అడిగాడు. నేను ఇంట్లో ఒక్కటే చూశాను, అది సన్నదని పోల్చుకోవడానికి ఇంకొకటి తెలియదు. "అందరిదీ ఎట్లుంటదో గట్లనే," అన్నాను. పెట్టె చేతికి వచ్చినప్పుడు దాని బరువుకు ఒక క్షణం తృప్తిగా కూడా అనిపించింది. పాపకు మంచిదే కొన్నాను అనుకున్నాను.

మర్నాడు రెండో శనివారం, బడి లేదు. మధ్యాహ్నం సీపీయూను పాత దుప్పటిలో చుట్టి ఆటోలో ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. దశరథం మూత విప్పి, కార్డు అందులో ఆనించి, మళ్లీ బయటికి తీశాడు.

"నిన్న అడిగితిని గదా మేడం. గిది సన్న డబ్బా. దీంట్ల ఈ కార్డు పట్టది." కార్డు చివర ఉన్న రేకు మీద వేలు పెట్టాడు. "ఈ రేకు పన్నెండు సెంటీమీటర్లుంటది. మీ దాంట్ల ఎనిమిదే పడుతది. దీనికి సగం ఎత్తు కార్డు గావాలె."

నేను బల్ల మీద నోటుబుక్కు తెరిచి అతని వైపు తిప్పాను. అతను చదివి, నా వైపు కొంచెం జాలిగా చూశాడు.

"పాప కరెక్టుగనే రాసింది గదా. డబ్బా ఇప్పి కొలిచి రాసింది. ఆమెనే తోల్కరాకపోయిండ్రా?"

"తోల్కరావాల్సింది," అన్నాను.

ప్రియ సరిపెట్టుకోలేదు. కొలిచింది. నేను లేనప్పుడు ఎప్పుడో ఆ మరలు విప్పి, స్కేలు పెట్టి, తండ్రి షోకేసు కోసం కొన్న డబ్బాలో ఏది పడుతుందో చూసి, పట్టనివాటిని కొట్టేసింది. ఐదు నెలలు నేను దాని త్యాగం తలుచుకుని ఏడ్చాను. అది త్యాగం చేయలేదు, లెక్క చేసింది. అంత లెక్క చేసి, ఇంత చిన్నది అడిగితే నేను చపాతీ తిప్పాను.

దశరథం పెద్ద కార్డు వెనక్కి తీసుకుంటానన్నాడు. ఒక ఫైలు తెరుచుకోవడం లేదని, అందుకే కార్డు కావాలని చెప్పాను. తర్వాత, "మేడం, ఒక్క ఫైలు చూసుడే గదా? పెన్‌డ్రైవుల ఏస్కొని రాండ్రి, నా మిషన్ల చూపిస్త. కార్డే అక్కెర లేదు," అన్నాడు. మంచి మాటే. "వద్దు, అన్నా," అన్నాను. "సగం ఎత్తుదే పెట్టు." ప్రియ నన్ను ఫైలు చూడమని అడగలేదు. కార్డు అడిగింది.

ఇంటికి వచ్చేసరికి మా అత్త గుమ్మంలో ఉంది. "రేపు వాళ్లే వస్తుండ్రి గదా, నువ్వెందుకు మోసినవ్? మంచిగ చేయించి ఇస్తున్నవా?" అంది. తనే జవాబు చెప్పుకుని, "గదీ మాట. ఆడబిడ్డకు ఇచ్చేది మంచిగుండాలె," అంది.

వైర్లు తగిలించి, కుర్చీ లాక్కుని, ఫైలు నొక్కాను. కిటికీ తెరుచుకుంది. బూడిద రంగుకు తిరిగింది. ఈసారి మూసుకోలేదు. కింద నుంచి నెమ్మదిగా గీతలు లేచి, గోడలయ్యాయి.

ఇల్లు కాదు. మా బడి.

కొత్తూరు అవతల పల్లెలో ఉంది నా బడి. నేను పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం ఐదున్నర దాకా నీళ్లు తాగను. పదహారేళ్ల అలవాటు. అక్కడ పనికొచ్చే పాయిఖానా ఒక్కటే. దానికి తాళం ఉంటుంది. తాళంచెవి హెడ్మాస్టరు శ్రీరామమూర్తి గారి బల్ల సొరుగులో ఉంటుంది. ఆయన మర్యాదస్తుడు. చేరిన కొత్తలో అడిగితే, "ఏమీ అనుకోకండి మేడం. అధికారులు ఎప్పుడు వస్తారో చెప్పలేం. అది శుభ్రంగా ఉండాలి కదండీ," అన్నారు. మగ టీచర్లకు వెనక గోడ ఉంది. మరీ తప్పకపోతే నేను మధ్యాహ్నం వంట చేసే జంగమ్మ ఇంటికి నడిచి వెళ్లేదాన్ని, ఊరికి ఆ చివర. నీళ్లు మానేయడం దానికంటే సులువు. పెద్ద క్లాసు ఆడపిల్లలు నెలలో నాలుగు రోజులు రారు. హాజరు పట్టీలో ఎందుకని రాయడానికి గడి లేదు.

రెండోసారి మూత్రంలో మంట, జ్వరం వచ్చినప్పుడు మా అత్త, "గింత దానికి దవాఖాన ఏంది, సబ్జా గింజలు తాగు," అంది. ప్రియ నన్ను తీసుకెళ్లింది. రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతారని డాక్టరమ్మ అడిగింది. తిరిగి వస్తుంటే ఆటోలో ప్రియ అడిగింది: "అమ్మా, బడిల ఎటు పోతవ్?"

"పోను," అన్నాను.

తర్వాత ఒక శనివారం టేపు పట్టుకుని మా బడికి వచ్చింది. సర్వే ప్రాక్టీసు అంది. సార్ల ముందు అటూ ఇటూ తిరగొద్దని నేను మందలించాను.

తెర మీద బడి వెనక గోడకు ఆనుకుని మూడు గదులు కట్టి ఉంది. రెండు పిల్లలకు, ఒకటి టీచర్లకు. నల్లా ఎక్కడ, నీళ్ల తొట్టి ఎక్కడ, అన్నీ కొలతలతో. తలుపుకు గడియ లోపలి వైపు గీసింది. పక్కన సంచి తగిలించుకోవడానికి కొక్కెం కూడా ఉంది. కప్పు ఇంకా వేయలేదు. తలుపు ముందు కొలత కోసం ఒక ఆడమనిషి బొమ్మ నిలబెట్టి, దాని పక్కన ఐదడుగుల ఒక అంగుళం అని రాసింది. అది నా ఎత్తు.

రాజశేఖర్ ఎప్పుడొచ్చాడో, నా వెనక నిలబడి ఉన్నాడు. "గదేంది? ఎవరిల్లు?"

"మా బడి. పాప గీసింది."

వంగి చూశాడు. "బాత్రూములా?" అన్నాడు. నవ్వబోయి, మూలన ఉన్న తారీఖు చూసి ఆగాడు. బయట విమానం ఒకటి దిగుతున్న చప్పుడు తగ్గేదాకా ఆగాను.

"కంప్యూటర్ ఏడికి పోదు," అన్నాను. "షాపుల ఉన్నప్పుడే విజయకు నేనే ఫోన్ చేసి చెప్పిన."

ఆయన నా వైపు చూశాడు. నేను తెర వైపే చూస్తున్నాను. "నా ఏటీఎం కార్డు జేబులకెల్లి తీసి ఆడ పెట్టు. నంబరు ఒక కాగితం మీద రాయి." గొంతు పెంచలేదు. క్లాసులో పిల్లలకు పలకలు తీయమని చెప్పినట్టే చెప్పాను. జేబులో చెయ్యి పెట్టడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

సోమవారం పొద్దున టిఫిన్ డబ్బా సర్ది, జడ వేసుకుని, బిందె దగ్గర నిలబడి ఒక గ్లాసు నీళ్లు తాగాను. ఇంకొకటి ముంచుకున్నాను.

"బడికి పోయేటప్పుడు గన్ని నీళ్లేంది?" అంది మా అత్త.

మూడోది కూడా తాగి, గ్లాసు బోర్లించాను. శ్రీరామమూర్తి గారి సొరుగులో తాళంచెవి ఉంది. పదకొండు గంటలకల్లా నాకు దాని అవసరం పడుతుంది.