ఆరు జానల పలక

పొద్దెక్కకముందే డామిసన్ ఆసుపత్రి రేకుల కప్పు మీద బోర్లా పడుకొని రెండు సోలార్ పలకల్లో ఒకదానికి జాన వేస్తున్నాడు. పొడవు ఆరు జానలు, వెడల్పు మూడు. మళ్లీ వేశాడు. పలక పెరగలేదు.

దాని వెనక చీటీ మీద నాలుగు వందల వాట్లని అచ్చు వేసి ఉంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నాలుగు వందలదైతే మనిషి ఎత్తు ఉండాలి. ఈ కొలతకి నూట డెబ్బై ఐదు వస్తే గొప్ప. అదీ చల్లటి గదిలో, నిండు వెలుతురు దీపం కింద పరీక్షించినప్పటి లెక్క. న్ఖోటకోట ఊరి దుమ్ములో, కాలిన రేకు మీద, అందులోనూ మూడో వంతు ఎగిరిపోతుంది. సరస్సు ఒడ్డున ఎవరు పలక కొన్నా, దాన్ని బిగించే డామిసన్ చీటీ చదవడు, జాన వేస్తాడు. చాటుగా అతన్ని ‘జానల తాత’ అని నవ్వుకుంటారు.

ఈ రెండు పలకలూ బిగించిన నాడు మాత్రం అతను జాన వెయ్యలేదు. ఊరిపెద్ద కలెంబో వాటిని స్వయంగా పట్నం నుంచి కొని తెచ్చి, మేకను కోయించి, కానీ కానీ అని తొందరపెట్టాడు. డామిసన్ చీటీని నమ్మి మందుల ఫ్రిజ్ తగిలించాడు. అది రోజూ బ్యాటరీ అయిపోయి తెల్లవారుజామున ఆగి, ఎండెక్కాక మళ్లీ తిరిగేది. ఎవరూ కనిపెట్టలేదు. కాన్పయ్యాక రక్తం ఆపే సూదిమందు వెచ్చబడి పాడైంది. పోయిన నెల ఎస్నాతి అనే పిల్ల బిడ్డను కన్నది. నర్సు ఫలెసి రెండు సూదులు వేసినా రక్తం ఆగలేదు. ఎస్నాతి చనిపోయింది.

డామిసన్‌ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. అప్పటినుంచి అతను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు, నిలబడే తింటున్నాడు. కొత్త మందు రేపు పొద్దున తొమ్మిదికి వస్తుంది.

రెండో పలక మీద ఎవరో చిన్న చేపలు ఆరబోశారు. వాటిని చేటలోకి ఊడుస్తుంటే కింద నుంచి కలెంబో కేక వేశాడు.

“మా ఇంటిదాని చేపలురా అవి. ఎండ ఊరికే పోతోంది కదా అని పోసింది.”

“ఊరికే పోవట్లేదు పెద్దయ్యా. చేపలు తింటున్నాయి.”

“పలక వేడెక్కితేనే గదరా కరెంటు?”

“దానికి వెలుతురు కావాలి, వేడి కాదు. వేడెక్కితే మనలాగే అదీ నీరసపడుద్ది.”

“నాలుగొందలని అంత లావున రాసుంటే మధ్యలో నీ జానేంటి?”

డామిసన్ సంతలో కొన్న తన పాత చొక్కా పట్టి చూపించాడు. “దీని మీద ఛాంపియన్ అని రాసుంది. నేనెప్పుడైనా బంతి తన్నగా చూశారా?”

ఫలెసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కలెంబో నవ్వలేదు.

మధ్యాహ్నందాకా డామిసన్ కిందికి దిగలేదు. కింద గాలి ఆడేలా పలకల్ని కర్రల మీదికి ఎత్తి, అక్కడ ఎండ వచ్చే ఉత్తరం వైపుకి వాల్చి, నీళ్లతో కడిగాడు. మీటరు పెట్టి చూస్తే రెండూ కలిసి రెండు వందల అరవై ఇచ్చాయి. మబ్బు అడ్డొస్తే డెబ్బైకి పడిపోయాయి. మబ్బు కదిలేదాకా మీటరు మీంచి చూపు తిప్పలేదు. ఎడమ చెయ్యి గుంజుతుంటే కుడి చేత్తో పిసుక్కున్నాడు. లెక్క వేస్తే ఫ్రిజ్‌కి సరిపోతుంది, ఫ్రిజ్‌కి మాత్రమే. బ్యాటరీ దగ్గర నుంచి ఇంకో తీగ కంచె దాటి కలెంబో ఇంట్లో టీవీకి పోతోంది.

దిగి వచ్చి కలెంబో ఎదుట నిలబడ్డాడు.

“ఆ తీగ తియ్యాలి పెద్దయ్యా.”

“ఇవాళ మ్యాచ్ ఉంది. ఊరంతా నా వాకిట్లోకే వస్తారు. చెత్త పలకలు తెచ్చానని అందరికీ చాటుతావా?”

“ఎస్నాతిని చంపింది నేను,” అన్నాడు డామిసన్. “తెచ్చింది మీరైనా, కొలవాల్సింది నేను. ఎవరడిగినా ఇదే చెబుతా. మీ పేరు రానివ్వను. తీగ ఒక్కటి తీయించండి.”

కలెంబో లేచి, తన చేతుల్తోనే తీగ లాగి, మోచేతికి చుట్టుకుంటూ ఇంటికి పోయాడు.

“ఇకనైనా కాసేపు కూచో బాబాయ్,” అంది ఫలెసి. “మొహం పాలిపోయింది.”

“కూచుంటే లేవలేను తల్లీ.”

బోరింగు దగ్గర ఒక గాజు సీసా నింపుకొచ్చి ఫ్రిజ్ మధ్య అరలో పెట్టాడు. “రేపు తెల్లారగానే వచ్చి నేనే తాగుతా. పళ్లు జివ్వుమంటే మందు పెట్టు. లేదంటే మందు పెట్టెని తిప్పి పంపెయ్. పొద్దెక్కాక చూస్తే లాభం లేదు, ఎండొచ్చాక అన్ని ఫ్రిజ్‌లూ మంచివే.” ఆ మాటే గుమ్మంలో ఒకసారి, సైకిలెక్కుతూ ఒకసారి చెప్పాడు.

తెల్లవారింది. ఫలెసి దారికేసి చూస్తూ నిలబడింది. చేపలమ్మే మనిషి ఒకామె వచ్చి చెప్పింది. డామిసన్ తన గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ కూచున్నాడట, ఒకటే తొడుక్కున్నాడట. పిలిస్తే పలకలేదట.

ఫలెసికి ఏడుపు ఆగలేదు. కానీ ఎండ వచ్చేస్తోంది. లోపలికి పరుగెత్తి ఫ్రిజ్ తెరిచి సీసా తీసి చెంపకి ఆనించుకుంది. చెంప జివ్వుమంది.

తొమ్మిదికి పెట్టె వచ్చింది. సూదిమందు పొట్లాల్ని పై అరలో, కింది అరలో సర్దింది. మధ్య అరలో మూత తియ్యని నీళ్ల సీసా ఉంది, ఒళ్లంతా చెమ్మతో.