పెనుగొండ కప్పు

సత్యశ్రీని జాతీయ జట్టు క్యాంపు నుంచి వెనక్కి పంపేశారని తెలిసినప్పుడు అందరికన్నా గట్టిగా తిట్టింది తబిత మేడమే. అక్కడి వాళ్ళ కళ్ళకి మన పిల్లలు ఆనరని గ్రౌండంతా వినపడేలా అరిచింది. ద్రాక్షారామం హైస్కూల్లో ఆ పిల్లకి ఆరో క్లాసు నుంచీ వాలీబాల్ నేర్పింది తనే మరి, తిట్టదూ! ఆ తిట్లన్నీ మంగళవారం క్యాంపు కోచ్ ఫోన్ చేసేదాకానే.

మీ పిల్ల ఎంత ఎగిరి కొట్టినా విదేశీ జట్ల చేతులు దాటడం లేదండీ, ఆ ఎత్తు కొట్టడానికి చాలదు అంది కోచ్. సెట్టర్‌కి అయితే అంత ఎత్తున్నవాళ్ళు మనకి ఇంకెవరూ లేరంది. కొట్టేవాళ్ళకి బంతి లేపి అందించే ఆ పనికి పొడుగు పిల్లలు దొరక్క తల పట్టుకుంటున్నారట. ఏ ఊరి కోచ్ అయినా పొడుగమ్మాయి కనపడగానే కొట్టడానికి నిలబెట్టేసి, కప్పులు పట్టుకుపోతున్నారట. ఆవిడ మామూలుగానే అంది. తబితకి మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

ఎందుకంటే సత్యశ్రీవి మొదటినుంచీ సెట్టర్ చేతులే. ఆరో క్లాసులోనే ఆ పిల్ల వేళ్ళ మీదకి వచ్చిన బంతి చప్పుడు చేసేది కాదు. తబిత అది చూసింది, మురిసింది, అయినా కొట్టడానికే నిలబెట్టింది. ఈ టోర్నమెంటు అయిపోనీ, మారుద్దాం అనుకుంది. అది అయిపోయాక ఇంకోటి వచ్చింది. హెడ్మాస్టరు గదిలో బీరువా కప్పులతో నిండిపోయింది.

కోచ్ ఒక దారి చూపించింది. సోమవారంలోగా ఏదైనా అసలు సిసలు మ్యాచ్‌లో, మొదటినుంచి చివరిదాకా సెట్టర్‌గా ఆడించి వీడియో పంపమంది. ఓడినా ఫరవాలేదు, నేను చూసేది చేతులే, ఆ తర్వాత మాత్రం లిస్టు మూసేస్తారు అంది. ఆదివారమే పెనుగొండలో టోర్నమెంటు ఫైనల్ ఉంది. అంతకన్నా ఏం కావాలి?

ఈ సంగతి తబిత పిల్లకి చెప్పలేదు. కంగారు పడుతుందని తనకి తనే సర్దిచెప్పుకుంది. అబద్ధం. ఇన్నేళ్ళూ ఎందుకు మార్చలేదండీ అని అడుగుతుందేమోనని భయం. ఆదివారం పొద్దున్న చర్చిలో, ఈ ఒక్క మ్యాచ్ నన్ను నోరు మూసుకుని కూర్చోనియ్యి ప్రభువా అని ప్రార్థన కూడా చేసుకుంది.

పెనుగొండలో సెల్‌ఫోన్‌ని ఒక కుర్చీకి కట్టి, వీడియో ఆన్ చేసి, సత్యశ్రీని సెట్టర్‌గా దింపింది. పిల్ల వింతగా చూసింది గానీ ఎదురు చెప్పలేదు. ఏం అందించిందనీ! పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టే ఇచ్చింది. కొట్టాల్సిన పిల్లలే తడబడి సగం బంతులు నెట్‌కి కొట్టారు. మొదటి సెట్ పోయింది. రెండో సెట్‌లోనూ వెనకబడ్డారు. వెనక కుర్చీలో ఉన్న తమ జిల్లా వాలీబాల్ అసోసియేషన్ సెక్రటరీ చంద్రరావు గారు ఉండబట్టలేకపోయారు.

"ఏంటండీ మేడం గారూ ఇది? కప్పు మనమే వాళ్ళ చేతిలో పెట్టి పంపుతున్నామా?"

తబిత ఇంకాస్సేపు కూర్చుంటే ఆ పిల్ల బతుకు మారేది. కూర్చోలేకపోయింది, మహాతల్లి. లేచి టైమౌట్ అడిగింది.

"సత్యా, ఇక సెట్టింగ్ వదిలెయ్. నువ్వే కొట్టు."

ఫోన్ ఎదురుగానే ఉంది. తబిత దాన్ని చూసింది కూడా. మళ్ళీ సెట్టింగ్‌కి పంపడానికి అప్పటికీ వీలుంది, కానీ పాయింట్లు వస్తున్నాయి మరి. సత్యశ్రీ కసిదీరా కొట్టింది. మిగతా రెండు సెట్లూ గెలిచారు.

తిరుగు ప్రయాణంలో సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన ఎక్కేసరికి వ్యాన్‌లో పిల్లలు పాటలు అందుకున్నారు. సత్యశ్రీ వచ్చి పక్కన కూర్చుని, కప్పు తెచ్చి మేడం ఒళ్ళో పెట్టింది. మార్చి మంచి పని చేశారండి, సెట్టింగ్ నా వల్ల కాదు అని నవ్వింది. ఆ పిల్ల వల్ల కాకపోవడమేంటి, ఓపిగ్గా కూర్చోవడం తబిత వల్ల కాలేదు గానీ.

"మేడం, క్యాంపు వాళ్ళు మళ్ళీ పిలుస్తారంటారా?"

పిలుస్తారులేమ్మా అంటే ఆ పూటకి గడిచిపోయేది. ఇన్నేళ్ళూ అలాంటివి చాలానే చెప్పింది. ఈసారి నోరు రాలేదు.

"పిలిచారమ్మా. మంగళవారమే పిలిచారు. నువ్వు సెట్టర్‌గా మ్యాచ్ మొత్తం ఆడిన వీడియో పంపమన్నారు. రేపటితో లిస్టు మూసేస్తారు, ఇవాళ్టిదే ఆఖరి మ్యాచ్."

సత్యశ్రీ నవ్వు ఆగిపోయింది. కుర్చీకి కట్టిన ఫోన్ గుర్తొచ్చినట్టుంది. వెనక పిల్లలు పాడుతూనే ఉన్నారు. వంతెన దాటాక, ఎప్పుడూ మాట్లాడే మర్యాదతోనే మెల్లగా అడిగింది.

"మరి రెండో సెట్‌లో ఎందుకు మార్చేశారండి?"

తబిత కిటికీ వైపు తిరిగింది, మళ్ళీ ఇటు తిరిగింది. చంద్రరావు గారి మీదకి తోసేయవచ్చు. తోయడానికి సిగ్గేసింది.

"గెలవాలనిపించిందమ్మా."

సత్యశ్రీ లేచి వెనక సీట్లోకి వెళ్ళిపోయింది. కప్పు మాత్రం తబిత ఒళ్ళోనే వదిలేసి వెళ్ళింది.