ఒడ్డున నిలబడ్డవాడు

కూర్మయ్య మంచం మీద కూర్చుని మోకాలికి గుడ్డ బిగించి కట్టుకోవడం చూసి, సీతాలు ఖాళీ చేపలగంప గుమ్మంలోనే దించేసింది.

"ఏటా కట్టు?"

"రేపు తెప్పెక్కుతాను."

ఒడిశాలోని సోనేపూర్ ఒడ్డున కూర్మయ్య ముప్పై ఏళ్ళు తండేలు. తెప్ప నడిపేదీ, వల ఎక్కడ దింపాలో చెప్పేదీ తండేలే. కిందటి నెల అలల్లో దిగబోతే మోకాలు మడతపడి పడిపోయాడు. నీళ్ళు మింగుతున్న మనిషిని నలుగురు ఈడ్చుకొచ్చి ఒడ్డున పడేశారు. అప్పట్నుంచి కొడుకు ధనరాజు తండేలయ్యాడు. మూడు రోజులుగా వాడి వల్లోకి పీతలూ నాచూ తప్ప ఏమీ రావడం లేదు. సీతాలు వేరే తెప్పల చేపలు కొని అమ్ముకొస్తోంది. టీ కొట్టు దగ్గర ఎవడో, తండేలు మారేసరికి చేపలు కూడా మకాం మార్చేశాయన్నాడట. ఆ మాటతో కూర్మయ్య మోకాలి నొప్పి మరిచిపోయాడు.

మళ్ళీ ఆ అలల్లో పడితే ఈసారి మనిషి దక్కడని సీతాలుకు తెలుసు. వద్దంటే ఇంకా బిగుసుకుంటాడనీ తెలుసు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నేర్చిన ఉపాయం ఒకటే. ఆయనతో వాదించకూడదు, వేరే ఎవరి సంగతో చెప్పాలి. గంజి పోసి ఎదురుగా కూర్చుంది.

"బరంపురంలో శాంతి టీచరమ్మ నేదా, ఈయేళ ఒక కత సెప్పింది మావా. మన వేటోళ్ళ కతే."

శాంతి టీచరమ్మ రిటైరైన పంతులమ్మ. సీతాలు ఆవిడ గుమ్మంలో కూర్చుని చేపల పొలుసు తీస్తుంటే, ఆవిడ బైబిల్ కథలు చెబుతుంది. సీతాలు మొక్కేది గంగమ్మకి, వినేది ఈ కథలు. ఆమె మనసులో ఆ రెంటికీ ఎప్పుడూ తగువు రాలేదు.

"ఏడుగురు వేటకెల్లినారట. రాత్రంతా వలేసినా ఒక్క సేప పడ్నేదట. తెల్లారతంటే ఒడ్డు మీద ఒకాయన నిలబడి, ఏటర్రా, ఏటైనా పడినాదా అని అడిగినాడట. ఆయనే యేసు. ఈళ్ళు పోల్చుకోనేదు. కుడిపక్క ఎయ్యండన్నాడు. ఏసినారు. లాగనేనంత పడినాది. నూటయాభై మూడు, అన్నీ పెద్దయ్యే."

కూర్మయ్య గంజి తాగడం ఆపాడు. "లెక్కెట్టిందెవులు?"

"నాకేటి తెల్సు."

"ఆళ్ళ పెళ్ళాలు ఒడ్డున గంపలట్టుకోని ఉండుంటారు. మొగోళ్ళకి అంత ఓపికేటి. అది సరే, నీరు ఎటు లాగతందో సెప్పకుండా కుడిపక్కంటే ఏటి లాభం?"

"అది కాదు మావా. ఆయన తెప్పెక్కినాడా? ఎక్కనేదు. తెప్పలో ఉన్నోళ్ళకి కనపడంది ఒడ్డునున్నోడికి కనపడింది. ఆళ్ళొచ్చేసరికి నిప్పులేసి సేపలు కూడా కాల్చి ఎట్టినాడట."

"అంటే నన్ను పొయ్యి ముట్టించమంతన్నావు."

"నానేటన్నాను? కత సెప్తన్నాను."

"మరి తరవాతేటయినాది?"

అక్కడ ఆపేసి ఉంటే బాగుండేది. అడిగాడన్న సంబరంలో సీతాలు ఉన్నదంతా చెప్పేసింది. "ఒడ్డునున్నది ఆయనేనని తెలిసీసరికి, పేతురన్నాయన పైగుడ్డ బిగించుకోని సముద్రంలోకి దూకీసినాడట."

కూర్మయ్య కళ్ళు మెరిశాయి. "దూకినాడా? తండేలు ఆడే అయ్యుంటాడు. వయసెంత?"

"తెల్దు."

"నా అంతుంటాడు," అని మోకాలికి ఇంకో చుట్టు చుట్టాడు.

తెల్లారేసరికి మంచం ఖాళీ. సీతాలు జుట్టు ముడేసుకుంటూ ఒడ్డుకు పరుగెత్తింది. తెప్ప అప్పటికే అలలు దాటిపోయింది. అందులో తలలు లెక్కపెట్టబోతే మసక వెలుతురులో కుదర్లేదు. మరిది నరసన్న వల తాడు కొస పట్టుకుని ఒడ్డున నిలబడి ఉన్నాడు.

"మీ అన్న ఎక్కినాడా?"

"తెప్ప దాకా వొచ్చినాడు వదినా. సెయ్యి కూడా ఏసినాడు. ధనరాజు తలొంచుకోని పక్కకి జరిగి సోటిచ్చినాడు. ఆడి మొకం సూసినాడో ఏటో, మా అన్న ఎనక్కి తిరిగీసినాడు." నరసన్న గడ్డంతో ఇసకదిబ్బ వైపు చూపించాడు.

దిబ్బ మీద కూర్మయ్య, బరువంతా మంచికాలి మీద వేసి నిలబడి ఉన్నాడు. వెనకటికి ఆ ఒడ్డున రోజూ ఒకడు అలా నిలబడేవాడు. చేపల గుంపు వస్తే నీళ్ళ రంగు ముదురుతుంది. తెప్పలో ఉన్నవాడికి అది తెలియదు, ఎత్తున ఉన్నవాడికే కనిపిస్తుంది. వాడు తువ్వాలు ఊపిన వైపు తెప్ప తిరిగేది. ఇంజన్లు వచ్చాక అది ముసలాళ్ళ పనైపోయి మూలపడింది. తండేలుగా ఉన్నన్నాళ్ళూ కూర్మయ్య కూడా దిబ్బ వైపు తలెత్తి చూసిన పాపాన పోలేదు.

సీతాలు ఆయాసపడుతూ పైకెక్కింది. "నువ్వు కూడా దూకీసినావేమో అనుకున్నాను."

"ఆ పేతురు దూకి ఎటేపు ఎల్లినాడు? ఒడ్డుకే కదే."

ఆ ముక్క సీతాలుకు తోచలేదు. టీచరమ్మకు కూడా తోచి ఉండదనుకుంది.

కూర్మయ్య భుజం మీద తువ్వాలు తీసి ఉత్తరానికి ఊపాడు. తెప్ప తిన్నగా పోతూనే ఉంది. మళ్ళీ ఊపాడు.

"సూడడు," అన్నాడు మెల్లిగా. "నానెప్పుడైనా సూసినానా, ఆడు సూడ్డానికి."

ఆయన చెయ్యి దించలేదు. చాలాసేపటికి తెప్ప నెమ్మదించింది. కాసేపు అక్కడే ఊగి, ఉత్తరానికి తిరిగింది.

వల లాగితే నాలుగు గంపల కవళ్ళ చేపలు పడ్డాయి. ఊరు చెప్పుకునేంత వేట కాదు గాని, నాలుగు రోజుల్లో అదే మొదటి చేప. ధనరాజు తడిబట్టలతోనే దిబ్బెక్కి వచ్చాడు.

"అయ్యా, తెల్లగుడ్డ నురుగులో కలిసిపోతంది, కనపడ్డంనేదు. రేపు ఎర్రది తే. మా కన్నా ముందొచ్చి నిలబడు."

"హఉ," అన్నాడు కూర్మయ్య, తెప్ప మీద కుర్రాళ్ళు తండేలుకు ఒడియాలో సరేనన్నట్టే.

వాడు దిగిపోయేదాకా ఆగి భార్య వైపు తిరిగాడు. "సూసినావా, నాకే పని సెప్తన్నాడు."

"తండేలు మరి."

"ఇంట్లో ఎర్రగుడ్డేటైనా ఉన్నాదా?"

"నా కొత్త జాకెట్టు ముక్క ఉన్నాది."

"కుట్టించకు," అన్నాడు కూర్మయ్య, సముద్రం మీంచి చూపు తిప్పకుండానే.