మేడమీది రైలు దారి

మా ఆయన పట్టాభి రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాక ముత్తియాల్‌పేటలోని మా మేడగదిని బొమ్మ రైలుకే రాసిచ్చేశాడు. నడుమెత్తు బల్ల, దానిమీద పట్టాలు, ఒక స్టేషను, చివర్లో రైలు చుట్టి వెనక్కి తిరగడానికి ఒక లూపు. ఎడంచేత్తో వేగం తిప్పుతూ కుడిచేత్తో స్విచ్చులు వేస్తే తప్ప ఆ రైలు నడవదు. పోయిన వర్షాకాలం పక్షవాతం వచ్చి ఆ కుడిచెయ్యే పడిపోయింది.

అప్పటినుంచి మనిషి మేడ ఎక్కలేదు. ఏది పెడితే అది తింటాడు. ఏమడిగినా "నీ ఇష్టం" అంటాడు. పెళ్ళైన నాటినుంచి నాతో వాదిస్తూ బతికినవాడు ఇలా సాధువైపోతే నాకు ఒళ్ళు మండింది. భయం కూడా వేసింది.

"ఎవరికైనా ఇచ్చేద్దాం వదినా. అన్నకు ఇంకేంది రైలు?" అన్నాడు మా మరిది భరణి.

"చాల్లే నీ సలహా. ఫోన్లోనే ఒంటిచేత్తో నడిపే డిజిటల్ పెట్టె ఉందంట గదా, అది తెప్పించు."

తెప్పించాడు. ఇంజను లోపల పెట్టాల్సిన చిప్పు కూడా పెట్టించి తెచ్చాడు. ఇక మిగిలింది బల్ల కింద పని. ఎడమ పట్టా తీగలన్నీ ఒక జట్టుగా, కుడి పట్టావి ఇంకో జట్టుగా కట్టాలి. రెండూ ఎక్కడ కలిసినా పెట్టె కీచుమని ఆగిపోతుందట. కిందికి దూరి చూస్తే అన్నీ ఎర్ర తీగలే! శుభమా అని వేసుకునే లైనుకు నల్ల తీగేమిటని మహానుభావుడు ఒక్కటీ కొనలేదు.

పసుపు దారం తెచ్చుకుని కూర్చున్నాను. బ్యాటరీ, బల్బు పెట్టి ఒక్కో తీగనూ చూసి, ఎడమ పట్టాదైతే దారం కట్టాను. నడుము పట్టేసింది. "రేపు చూద్దాం వదినా" అన్నప్పుడల్లా భరణిని కసిరాను. వారం తిరిగేసరికి రెండు జట్లూ తేలాయి.

భరణి ఫోన్లో నొక్కితే రైలు కదిలింది. లూపులోకి వెళ్ళింది, చుట్టింది, బయటికొచ్చే చోట పెట్టె కీచుమంది. ఎన్నిసార్లు పెట్టినా అక్కడే. పట్టాల వెంట వేలు పోనిచ్చి చూస్తే సంగతి తెలిసింది. పసుపు కట్టిన ఎడమ పట్టా లూపు చుట్టి వచ్చి కుడి పట్టాకు ఎదురవుతోంది. ఆయన రైలును లూపులో ఆపి ఏదో స్విచ్చు వేయడం అప్పుడు గుర్తొచ్చింది. కరెంటును అటుదిటు మార్చేది అదే.

"దానికొక చిన్న పెట్టె కూడా వచ్చింది, తానే మార్చుకుంటాది. అయితే లూపు తీగలు యేవో తెలియాల" అన్నాడు భరణి.

మేడ దిగి ఆయన దగ్గరికి వెళ్ళాను. "మామా, లూపు తీగలు యాడ దిగినాయి?"

"నీ ఇష్టం."

"నా ఇష్టం కాదు. నీ లైను. లెయ్యి."

రెక్క పట్టుకుని లేపాను. మెట్టు మెట్టుకూ ఆగాడు, నేనూ ఆగాను, దిగనివ్వలేదు. బల్ల ముందు కుర్చీ వేసి కూర్చోబెడితే కిందికి వంగి చూసి, ఎడంచేత్తో రెండు తీగలు లాగాడు.

"ఇవి యే జట్టువీ కాదే! ఒకదానికి పసుపెట్ల కట్టినావు?"

భరణి ఆ రెండింటినీ విడదీసి చిన్న పెట్టెకు కలిపాడు. ఫోను ఆయన ఎడంచేతిలో పెట్టాను. బొటనవేలితో వేగం జరిపాడు. రైలు బయలుదేరి, లూపు చుట్టి, ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చి స్టేషన్లో నిలబడింది. అక్కడే ఉండిపోయింది.

"ఊ, పోనీ మామా!" అని ఫోను మీద వేలు పెట్టబోయాను.

ఫోను పక్కకు లాక్కున్నాడు. "చెయ్యి తియ్యి మంగళా. జనం ఎక్కొద్దా? నేను ఇడిచినప్పుడే పోతాది."

బల్ల కింద నడుం విరగ్గొట్టుకున్నది నేను, మళ్ళీ కసురు నాకేనా! కోపం వచ్చింది. దాని వెనకే సంతోషంతో ఏడుపూ వచ్చింది. చెయ్యి తీసేసి స్టూలు మీద కూర్చుని, ఆయన రైలు వదిలేదాకా ఎదురుచూశాను.