చింతపండుతో తోమిన రాగి రేకు

నేను ఒక రాగి రేకును. అరచేయంత ఉంటాను. పూర్వం ఒక కాగుగా పెరట్లో పొయ్యి మీద కూర్చుని, ఇంటిల్లిపాదికీ స్నానాలకు నీళ్లు కాచేదాన్ని. పొగంతా నా ఒంటికే. పండగకోసారి చింతపండుతో తోమి నా మెరుపు చూసి మురిసిపోయేవారు. మర్నాడు మళ్లీ పొగలోనే పెట్టేవారు. గీజరు వచ్చాక పాతసామాన్లవాడికి వేసేశారు. కొలిమిలో కరిగి, మిల్లులో రేకునై, విశాఖలో ఒక కాలేజీ ప్రయోగశాలకు చేరాను.

అక్కడ షాహీన్ అనే పరిశోధక విద్యార్థిని నన్ను కొలిమిలో కాల్చింది. ఒంటినిండా నల్లటి పొర కట్టింది. నన్ను ద్రావణంలో ముంచి, కరెంటు పెట్టి, కార్బన్ డయాక్సైడ్‌ను బుడగలుగా వదిలేది. పొగలో ఉండే వాయువే అది! ఆ పొర వల్ల అది ఇథిలీన్‌గా మారాలి. పైపులు, సంచులు చేసేది ఇథిలీన్‌తోనే. కానీ ఏడాదిగా వచ్చింది చాలా కొంచెం. అయినా ఆ పిల్ల ప్రతి ఉదయం మొదటిరోజులాగే వచ్చేది. ఆ శుక్రవారం ఆమె పరిశోధనకు గైడుగా ఉన్న సార్ వచ్చి చూస్తారు. ఫలితం లేకపోతే ఈ పని ఆపేయాలి.

గురువారం షాహీన్ నన్ను బల్లమీద ఆరబెట్టి క్లాసుకు వెళ్లింది. గదులు ఊడ్చే నూకాలమ్మ నన్ను చూసి జాలిపడి, ఇంటికెళ్లి చింతపండు తెచ్చింది.

షాహీన్ తిరిగొచ్చేసరికి నేను తళతళా మెరుస్తున్నాను. “ఇదేంటి పిన్నీ?”

“మసిబారిపోయుంటే తోమీసినాను పాపా. బంగారంలాగ లేదేటి?”

“ఆ నలుపుతోనే నా పనంతా.”

నూకాలమ్మ చేతిలో పిప్పి అలాగే ఉండిపోయింది. “నా చేతులిరిగిపోనూ! ఇప్పుడేటి దారి?”

“మళ్లీ కాలుద్దాం. నువ్వూ కూర్చో.”

ఒక్క మాట కసరలేదు. ఇన్ని చేతులు మారాను, అలాంటి ఓర్పు ఎక్కడా చూడలేదు.

మిల్లులో అంటిన జిడ్డు మొదటిసారి వదిలింది కాబోలు, ఈసారి పొర సమంగా కట్టింది. శుక్రవారం కంప్యూటర్ తెరమీద ఇథిలీన్ గీత పైకి లేచింది. సార్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.

“ఏం చేశావమ్మా?”

“చింతపండుతో తోమించాను సార్.”

సార్ పకపకా నవ్వి, “రాయి. పద్ధతిలో అదీ రాయాలి. తోమినావిడ పేరు కూడా” అన్నారు. పని ఆగలేదు.

“ఇంతకీ ఆ గాలేటి పాపా?” అంది నూకాలమ్మ. పొగలో ఉండే వాయువు నుంచి వచ్చిందేనని చెప్పి, షాహీన్ ఒక పచ్చి అరటికాయను ఆ ఇథిలీన్‌తో సీసాలో మూసింది, ఇంకొకటి ఉత్త సీసాలో పెట్టింది. మూడోరోజుకు మొదటిది పసుపుపచ్చగా పండింది. రెండోది ఇంకా పచ్చిగానే ఉంది. కాయల్ని మగ్గబెట్టేదీ ఇథిలీనే మరి.

నూకాలమ్మ పండును ముక్కు దగ్గర పెట్టుకుని, “పొగలోంచేనా?” అంది. తినకుండా కొంగున కట్టుకుంది. తర్వాత తడిగుడ్డతో బల్లంతా తుడిచింది. నా దగ్గరికి వచ్చి ఆగి, నా చుట్టూ జానెడు వదిలేసి తుడుచుకుపోయింది.