ఓడిపోయే ఉద్యోగం

తడిగుడ్డతో బల్లను రెండోసారి తుడిచి, మార్కరు వంగి వెలుతురుకు అడ్డంగా చూశాడు. ఆకుపచ్చ పలక మీద నిన్నటి చెమట మరక ఒక్కటీ లేదు. డబ్బాలోంచి బంతి తీసి వేళ్లతో గిర్రున తిప్పి వదిలాడు. వంకర పోకుండా తిరిగింది. దాన్ని జేబులో వేసుకుని, నెర్రెలు విచ్చిన పాత బంతుల్ని చెత్తబుట్టలో పడేశాడు.

యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఒకే చేత్తో ఏళ్ల తరబడి ఆడి ఆడి కుడి భుజం కాస్త కిందికి జారింది. తెల్లచొక్కా జేబు మీద హోటలు గుర్తు కుట్లూడి వేలాడుతోంది. మొహాన నవ్వు మాత్రం ఎప్పుడూ ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది.

సరస్సు ఒడ్డునున్న ఆ హోటలుకు జనం నాలుగు రోజులు ఊపిరి పీల్చుకుందామని వస్తారు. ఈదేవాళ్లు ఈదుతారు, పడవెక్కేవాళ్లు ఎక్కుతారు. ఏ తోడూ లేనివాళ్లు ఆటల గదికొస్తారు. వాళ్లతో టేబుల్ టెన్నిస్ ఆడడానికి పెట్టుకున్న మనిషిని మార్కరు అంటారు. ఆడడం అనేది పైకి చెప్పే మాట. అసలు పని ఓడిపోవడం. అది కూడా ఎలా పడితే అలా కాదు. చిత్తుగా ఓడితే అవతలివాడికి అనుమానమొస్తుంది. కొసదాకా లాక్కొచ్చి, అయ్యో అనిపించేలా ఓడాలి.

కొత్తలో ఒకాయన్ని గెలిచాడు. ఆయన బ్యాటు విసిరికొట్టి, అన్నమైనా తినకుండా గది ఖాళీ చేశాడు. "ఓడిపోవడానికి ఆయనకు ఇంట్లో పెళ్లాముంది, ఆఫీసులో పైవాడున్నాడు. మన దగ్గరికొచ్చేది గెలవడానికయ్యా" అని అప్పటి మేనేజరు గడ్డిపెట్టాడు. ఆ మాట చెవిలోంచి మణికట్టులోకి దిగి అక్కడే కాపురం పెట్టింది. బంతి పక్కనుంచి పోకముందే "ఆహా, ఏం కొట్టారు సార్!" అని నోరు దానంతటదే అనేస్తుంది.

ఇప్పటి మేనేజరు కుర్రవాడు. పొద్దున గుమ్మంలోనే పట్టుకుని అడిగాడు మార్కరు.

"సార్, ఇవాళ కొంచెం పెందలాడే వెళ్లాలి. మా అమ్మాయి పట్నం ఆసుపత్రిలో ఉద్యోగానికి వెళ్లిపోతోంది. పొద్దుగూకే లోపల వాళ్ల వ్యానొస్తుంది."

"వెళ్లు, ఎవరొద్దన్నారు? గెస్టు ఆడుతుంటే మాత్రం మధ్యలో బ్యాటు దించకు. మన రూలు తెలుసుగా."

తెలియకేం. ఇక చాలు అనే మాట గెస్టు నోటి నుంచే రావాలి.

పని పాడైనా ఫరవాలేదు, ఇల్లు పాడు కాకూడదు. మార్కరు విషయంలో ఆ ఓడిపోయే పని ఇంటిదాకా పాకింది. హోటలు వాళ్లు పారేసిన వంకర బల్లొకటి ఇంటికి తెచ్చి, పెరట్లో రేకుల కింద వేశాడు. కూతురికి చిన్నప్పుడే ఆట నేర్పాడు. రోజూ ఆడారు, రోజూ పిల్లే గెలిచింది. గెలిచినప్పుడల్లా ఎగిరి గంతేసి వీధంతా చాటుకునేది. మార్కరునే ఓడించే పిల్ల అని ఇరుగుపొరుగు మురిసిపోయారు. ఆ మురిపెంతోనే పోటీలకు వెళ్లింది. మొదటి ఆటలోనే తన భుజం దాకా కూడా రాని పిల్ల చేతిలో, ఒక్క పాయింటూ లేకుండా ఓడి వచ్చింది.

"నాన్నా, నాతో ఒక్కసారైనా నిజంగా ఆడావా?"

పిల్ల మళ్లీ బ్యాటు ముట్టుకోలేదు. ఆ బల్ల మీదికి నీళ్ల బిందెలూ, చిరిగిన పరుపులూ చేరాయి. తండ్రీ కూతుళ్ల మధ్య మాటలు లేవని కాదు. అన్నం తిన్నావా, తలుపేశావా, అంతవరకే.

ఇవాళ పొద్దున చెప్పులేసుకుంటూ, గోడతో చెబుతున్నట్టు అన్నాడు.

"సాయంత్రం వెళ్లేముందు ఒక్క ఆట ఆడదామే. ఈసారి నిజం ఆట."

"నిజం ఆట నీకింకా వచ్చా నాన్నా?" అంది పిల్ల, పెట్టెలో బట్టలు సర్దుతూ. పెట్టె మూత నొక్కి వేసి, "సరే, చూద్దాంలే" అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని పొద్దంతా గాల్లో నడిచాడు.

మధ్యాహ్నం కునుకు తీసి, మేడ గదిలో బస చేసిన సిమెంటు షావుకారు ఆటల గదికి దిగాడు. బొజ్జకు సరిపోని నిక్కరు, మెడలో తువ్వాలు. ఒళ్లు వంచకపోతే గుండెకు పూచీ లేదని డాక్టరు బెదిరించాట్ట.

"ఏం మార్కరూ, పెద్ద ఆటగాడివట కదా. చూద్దాం నీ పస!"

ఆయన కొట్టేది బల్ల మీద పడితే గొప్ప. అలాంటివాడికి ఓడిపోవడమంత కష్టం మరొకటి లేదు. బంతి వెనకాల పరుగెత్తి, నెట్లోకి దోసి, బయటికి కొట్టి, చొక్కా పిండేంత చెమటతో మార్కరు వరసగా ఓడాడు. గెలిచినకొద్దీ షావుకారుకు ఊపొస్తోంది. కిటికీలోంచి ఎండ గోడ దిగి నేలమీదికి జారింది.

"సార్, ఇంటి దగ్గర మా అమ్మాయి..."

"ఎక్కడికి పోతుందయ్యా మీ అమ్మాయి! ఓడేవాళ్లందరికీ సరిగ్గా అప్పుడే ఇల్లు గుర్తొస్తుంది. ఊఁ, వెయ్యి."

అప్పుడు తట్టింది మార్కరుకు. గెలిస్తే సరి. షావుకారు మొహం మాడ్చుకుని పోతాడు, తనూ పోవచ్చు. రేపు మేనేజరు ఏమన్నా అననీ, పడదాం.

కాలు వెనక్కి వేసి, బంతిని కోసినట్టు సర్వీసు చేశాడు. షావుకారు గాల్లో బ్యాటు ఊపాడు. రెండోది, మూడోది. షావుకారు నవ్వు ఆగిపోయింది. తువ్వాలు తీసి కుర్చీ మీదికి విసిరాడు. ఆట కొసకొచ్చింది, ఇక ఒక్క పాయింటు వస్తే మార్కరుదే గెలుపు. బంతి ఎత్తుగా, నెమ్మదిగా, తాంబాళంలో పెట్టి ఇచ్చినట్టు వచ్చింది. మార్కరు చెయ్యెత్తాడు. బంతి వెనకాల ఉబ్బిన మొహమొకటి, భయపడినట్టు చూస్తోంది. మణికట్టు వంగింది. బంతి నెట్లో పడింది.

"ఆహా, భలే ఆపారు సార్!" అంది నోరు.

తర్వాతిదీ నెట్లోకే పోయింది. ఆ తర్వాతిదీ. కొట్టాలనే అనుకున్నాడు. ఒట్టేసి చెప్పమన్నా చెబుతాడు. చెయ్యి తనదే, మాట మాత్రం వినలేదు.

"చచ్చి బతికి గెలిచానయ్యా! ఇలాంటిది ఇంకొక్కటి పడాలి!" షావుకారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

మేడ మీంచి భార్య గట్టిగా కేకేస్తే గానీ ఆయన బ్యాటు వదల్లేదు.

మార్కరు తడిచొక్కాతోనే పరుగూ నడకా కాకుండా ఇల్లు చేరాడు. వీధి దీపాలు వెలిగాయి. భార్య గడప మీద చెంగు ఒళ్లో ముడేసుకుని కూర్చుంది.

"వెళ్లిపోయిందా?"

"వ్యానువాడు ఎంతసేపని ఆగుతాడు? ఇంకాసేపన్నా, ఇంకాసేపన్నా అని వాణ్ని బతిమాలుకుంది. హారను మోగించి మోగించి వీధంతా లేపాడు."

"ఏమన్నా అందా?"

"ఏమంటుంది? నాన్న ఎవరో ఒకరి చేతిలో ఓడిపోతుంటాళ్లే, పాపం, అంది. నవ్వుతూనే అందిలెండి." ఆమె లేచింది. "కాళ్లు కడుక్కోండి, అన్నం పెడతాను."

అతను పెరట్లోకి నడిచాడు. బిందెలు గోడ వారకు చేరాయి. పరుపులు లేవు. బల్ల కడిగి ఆరబెట్టినట్టుంది, నెట్టు బిగుతుగా కట్టి ఉంది. రెండు బ్యాట్లు చెరో చివర. మొదటి సర్వీసు తండ్రికే వదిలినట్టు, అతని వైపు అంచున, గాలికి దొర్లిపోకుండా గాజు గ్లాసు బోర్లించి ఉంది. దాని కింద కొత్త బంతి.