నల్ల తెర మీద నాలుగు వరుసలు

పొద్దున ఎనిమిదింటికి బట్ట కోసే మిషను లేవలేదు. రోజూ స్విచ్చి వేయగానే కంపెనీ బొమ్మ, దాని వెనకే ఆ రోజు పని పట్టిక వచ్చే తెర మీద నల్లగా నాలుగు వరుసల ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. వేలితో ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. కోసిన బట్ట రాక నలభై కుట్టు మిషన్లు ఆగిపోయాయి. వాటి ముందు నలభై మంది ఆడవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ఆ మిషను నడిపేది కత్తెరక్క. పదహారేళ్ళు బల్ల దగ్గర నిలబడి పెద్ద కత్తెరతో బట్ట కోసింది కనుక ఆ పేరు. మిషను వచ్చినప్పుడు ఆడదానికి ఇదేం అర్థమవుతుందన్నారు. నెల రోజుల్లో నేర్చుకుని ఆ నోళ్ళు మూయించింది. మూసుకున్నవాటిలో మేనేజరు నోరు కూడా ఉంది. అది అతను మరిచిపోలేదు.

ఎనిమిదిన్నరకి కాగితంతో వచ్చాడు. అప్పుడే టైపు కూడా చేయించాడు. “నా అజాగ్రత్త వలన మిషను చెడిపోయినది. ఇకపై దానిని నడుపుటకు నేను తగనని ఒప్పుకొనుచున్నాను.”

“ఏం కెలికావో చెప్పక్కర్లేదు. సంతకం పెట్టు చాలు.”

“నేనేం కెలకలేదు సార్. నిన్న అయిదున్నరకి వేలిముద్ర వేసి వెళ్ళిపోయా. తెర మీద ‘కాసేపట్లో అప్‌డేట్’ అని వస్తోందని మీకు చెప్పే వెళ్ళా. ‘అదే చేసుకుని అదే ఆగుద్ది, నువ్వెళ్ళు’ అన్నారు.”

“నేనన్నానా?”

“పుల్లతో పళ్ళు గెలుక్కుంటూ మరీ అన్నారు.”

కుట్టు మిషన్ల వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు అటు గుడ్లురిమి చూశాడు.

“పదకొండింటికి ఓనరుగారొస్తారు. ఆలోగా ఇది నడవాలి. లేదంటే సంతకం. ఊరికే ఫార్మాలిటీ.”

ఫార్మాలిటీ అంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. ఇస్త్రీ బల్ల దగ్గర ఇద్దరు అలాగే సంతకాలు పెట్టారు. నెల తిరక్కుండా ఇద్దరినీ బయటికి పంపారు. మిషను చెడితే ముందు మనిషిని పట్టుకుంటారు. కారణం సంగతి ఎవడికీ పట్టదు.

కత్తెరక్క వదినకి ఫోన్ చేసింది. వదిన అంటే మొగుడి అక్క. ఓ బడిలో ముప్పై పాత కంప్యూటర్లని బతికించుకుంటూ వస్తున్న మనిషి.

“వదినా, నా కొంప మునిగింది.”

“పొద్దున్నే ఎంత చక్కటి మాట! మా తమ్ముడు మళ్ళీ తాళాలు పారేశాడా?”

“నీ తమ్ముడి సంగతి తరవాత. మిషను లేవట్లేదు.”

“ఇంట్లో మనిషీ లేవడు, పనిలో మిషనూ లేవదు. నీ చేతి చలవే అదంతా. తెర మీద ఏముందో చదువు.”

కత్తెరక్క ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ నాలుగు వరుసలూ చదివింది.

“అది పాడైపోలేదే పిచ్చిదానా. నిన్ను అడుగుతోంది. లోపల లినక్స్ అనే సిస్టం ఉంది. కిందటిసారి ఏదో తేడా వస్తే ఈ మెనూ చూపించి, ఎలా లేవమంటావో చెప్పమంటుంది. కీబోర్డుందా?”

ఉంది, మేనేజరు బీరువాలో, కవరు కూడా విప్పకుండా. “ఇంకా కెలుకుతావా?” అన్నాడతను. “కెలక్కుండా ఎలా బాగవుతుంది సార్?” అని చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది.

మొదటి వరుస మీద ఎంటర్ కొట్టింది. అక్షరాలు వరదలా పైకి పరిగెత్తి, ఠక్కున ఆగాయి.

“వదినా, పానిక్ అంటోంది.”

“దాన్ని అననీ, నువ్వు పడకు. బటన్ పట్టుకుని ఆపి మళ్ళీ వెయ్యి. ఈసారి రెండో వరుస, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. లోపల కొత్త నంబరొకటి, పాత నంబరొకటి ఉంటాయి. పాతది నొక్కు. పక్కన రికవరీ అని ఉన్నది కాదు, ఉత్తది. అప్‌డేట్ కొత్తది పెడుతూ సగంలో ఆగిపోయినట్టుంది. పాతదాన్ని పారెయ్యదులే, పక్కనే ఉంచుతుంది.”

పాత నంబరు నొక్కింది. కంపెనీ బొమ్మ వచ్చింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

“అప్పుడే సంబరపడకు. ఆ సగం పని పూర్తి చెయ్యకపోతే రేపు మళ్ళీ ఇదే పాట,” అంది వదిన. మిషను పుస్తకం వెనకట్ట మీద పాస్‌వర్డు దొరికింది. వదిన ఒక్కో అక్షరం చెబుతుంటే కత్తెరక్క ఒంటి వేలితో కొట్టింది. పన్నెండు నిమిషాలు పట్టింది. ఆపి మళ్ళీ వేస్తే నాలుగు వరుసలు రాలేదు. తిన్నగా పని పట్టికే వచ్చింది.

“ఇప్పుడు అసలు సంగతి. నిన్న ఎందుకు ఆగిందో చూడు. అది రోజూ ఏం చేసిందో రాసుకుంటుంది.”

కత్తెరక్క ఫోను స్పీకరులో పెట్టి, ఆ రాత అందరికీ వినబడేలా చదివింది. అయిదూ నలభై ఎనిమిదికి అప్‌డేట్ మొదలు. సరిగ్గా ఆరింటికి ఒక వరుస. ఆ తర్వాత ఏమీ లేదు.

“తనంతట తను ఆగితే ‘ఆగుతున్నా’ అని రాసి ఆగుతుంది. రాయలేదంటే పని మధ్యలో కరెంటు పీకేశారన్నమాటే,” అంది వదిన.

మేనేజరు మొహం మాడలేదు. వెలిగింది. కాగితం మీద కత్తెరక్క పేరు కొట్టేసి, పైన ఇంకో పేరు రాసి, గేటు కాపలా ముసలాయన్ని కేకేశాడు. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు.

“నిన్న ఆరింటికి మెయిన్ స్విచ్చి ఆపిందెవరు?”

“నేనే బాబూ. రోజూ నేనేగా.”

“సరే, ఇక్కడ సంతకం పెట్టు,” అని కత్తెరక్క వైపు తిరిగాడు. “నీ తప్పేం లేదమ్మా, నువ్వెళ్ళి బట్ట కొయ్యి.”

కత్తెరక్క గుండెల మీద బరువు దిగింది. మిషను వైపు రెండడుగులు వేసింది కూడా. ఆ ఊరట దాచాల్సిన సంగతేమీ కాదు. వెనక బాబాయ్ కళ్ళజోడు కోసం జేబులు తడుముకుంటున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఏమని రాసి ఉందని కూడా అడగడు.

వెనక్కి తిరిగింది.

“పెన్ను ఇటివ్వు బాబాయ్. ఆరింటికి ఆపమని నీకెవరు చెప్పారు?”

“మెయిన్ పక్కన అంటించారుగా అమ్మా. మొన్న అయిదు నిమిషాలు ఆలస్యమైతే సారు నానా మాటలూ అన్నారు.”

ఆ నోటీసు గోడ మీంచి పీక్కొచ్చింది. “ఏది నడుస్తున్నా సరే ఆరింటికి మెయిన్ ఆపవలెను.” ‘ఏది నడుస్తున్నా’ కింద రెండు గీతలు. అడుగున మేనేజరు సంతకం.

“అంటే తప్పు నాదంటావా?”

“మిషను రాసింది చదివా. మీరు రాసింది చదివా. నా మాట ఇందులో ఒక్కటీ లేదు సార్.”

“సంతకం ఎవరిదో కాగితం వాళ్ళకే ఇవ్వండి!” అని వరసలోంచి ఓ గొంతు. ఈసారి కిసుక్కున కాదు, పగలబడి నవ్వారు.

“ముందు బట్ట కొయ్యి. తరవాత మాట్లాడదాం.”

“తరవాత కాదు.”

కత్తెరక్క చేతులు కట్టుకుని నిలబడింది. ఒక్క కుట్టు మిషనూ చప్పుడు చేయలేదు. గడియారం పదీ నలభై దాటింది. మేనేజరు గేటు వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు. చివరికి నోటీసు మీద ‘ఏది నడుస్తున్నా సరే’ కొట్టేసి, ‘కోత మిషను తెర పూర్తిగా ఆరిన తర్వాతనే’ అని రాసి, తారీఖు వేసి సంతకం పెట్టాడు. టైపు కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

“అదిటివ్వండి.”

ఇచ్చాడు. ఆమె దాన్ని నాలుగు ముక్కలు చేసి పీలికల బుట్టలో పడేసింది. బల్ల మీద బట్ట పరిచి మీట నొక్కింది. కత్తి దిగింది.

బాబాయ్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

“మరి ఇవాళ ఆరింటికి నన్నేం చెయ్యమంటావమ్మా?”

“నా దగ్గరకొచ్చి నిలబడు బాబాయ్. తెర ఎలా ఆరుతుందో ఓసారి చూపిస్తా. రేపట్నుంచి నువ్వే చూసుకుందువుగాని.”